ఆరో నియమం

"ఆట నుంచి విరమించుకుంటున్నట్టు ప్రకటించారు." ఈ నాలుగు మాటలూ రాసింది నేనే. రాయడానికి అర నిమిషం పట్టి ఉంటుంది. రాసేసి, చేతులు దులుపుకుని టీ తాగడానికి వెళ్ళాను కూడా.

హైదరాబాదులో మా కంపెనీ తయారు చేసిన ఫుట్‌బాల్ ఆటకు 'కోచ్ కుర్చీ' అని పేరు. ఇందులో మీరు బంతి తన్నరు. కోచ్‌గా కూర్చుని, ఎవర్ని ఆడించాలో, ఎవర్ని బెంచీ మీద ఉంచాలో, ఎవర్ని తిట్టాలో, ఎవర్ని బుజ్జగించాలో చూసుకుంటారు. ఇలాంటి ఆటలు ఇంతకు ముందూ ఉన్నాయి. వాటిలో ఆటగాళ్ళంటే ఉత్త అంకెలు. వేగం ఇరవైకి పద్నాలుగు, ఓపిక ఇరవైకి తొమ్మిది, అంతే. మా ఆటలో మాత్రం నకళ్ళు ఉంటాయి. అసలు మనిషి ఆరు వారాల పాటు ఛాతీకి మేమిచ్చిన పట్టీ కట్టుకుని ప్రాక్టీసు చేస్తే చాలు. ఊపిరి ఎలా ఆడుతోంది, గుండె ఎలా కొట్టుకుంటోంది, ఏ కండరం ఎప్పుడు అలుస్తోంది అన్నీ ఆ పట్టీ పట్టుకుంటుంది. దాన్ని బట్టి మా యంత్రం ఆ మనిషిని లోపల మళ్ళీ కడుతుంది. ఆపైన రెండు గంటలు కూర్చోబెట్టి ప్రశ్నలడిగి మాట తీరు కూడా ఎక్కిస్తాం. నకలు పరిగెత్తితే ఆయాసపడుతుంది, ఎండకు వాడిపోతుంది. ఆడించకపోతే అలిగి, ఆ మనిషి మాటల్లోనే కోచ్‌కి ఉత్తరం రాస్తుంది. ఇంత నిజంగా ఇంకెవరూ చేయలేదని మేం గొప్పలు పోయేవాళ్ళం.

మార్చిలో ఒక మధ్యాహ్నం పరీక్ష కోసం మ్యాచ్ నడుపుతుంటే ఒక గోల్‌కీపర్ నకలు ఉన్నట్టుండి కూలిపోయింది. గుండె ఆగింది. తెర మీద మిగతా ఇరవై ఒక్క మందీ ఆట ఆపేసి అతని చుట్టూ మూగారు. అలా మూగమని వాళ్ళకి మేమెవరం నేర్పలేదు.

ముందుగా తేరుకున్నది మా బాస్ ఫణీంద్ర. "పట్టీ సరిగ్గా అంటుకుని ఉండదు. కొలత తప్పొచ్చింది. అది తర్వాత చూద్దాం గానీ, వసుంధరా, ఇది పదేళ్ళ పిల్లలు కూడా ఆడే ఆట. తెర మీద ఇలా మనుషులు చచ్చిపోతే తల్లిదండ్రులు మన పీక మీద కూర్చుంటారు. చావు కనబడకూడదు."

"మరేం చూపించమంటారు?"

"రిటైరయ్యాడని చూపించు. గౌరవంగా ఉంటుంది."

"కొలత సరైనదే అయితే?" అని అడిగాను. నిజంగానే అడిగాను, ఈ ఒక్క విషయంలో నేను అబద్ధం చెప్పడం లేదు. "మనం డాక్టర్లం కాదు కదా" అన్నాడు ఫణీంద్ర. నాకు ఆ జవాబు చాలింది. ఏ నకలు గుండె ఆగినా ఆ మనిషి కాలు పట్టేసి బయటికి నడిచినట్టు కనబడేలా, మర్నాడు ఆటలో వచ్చే వార్తల్లో నా వాక్యం పడేలా రాసేశాను. అలా ఆగిన గుండెల పేర్లన్నీ ఒక ఫైల్లోకి చేరతాయి. ప్రతి గురువారం ఆ ఫైలు చూడడం కూడా నా పనే.

*

ఇలాంటి ఆటలాడే వాళ్ళలో ఒక విచిత్రమైన తెగ ఉంది. ఆటలో అందరికీ ఒక మీట ఉంటుంది. ఓడిపోయిన మ్యాచ్‌ని వెనక్కి తిప్పి మళ్ళీ ఆడొచ్చు. మామూలు వాళ్ళు సిగ్గు లేకుండా నొక్కుతారు, నేనూ నొక్కుతాను. ఈ తెగ వాళ్ళు నొక్కరు. "జీవితంలో ఆ మీట ఉందా?" అంటారు. ఎవరూ పెట్టని నియమాలు తమకు తామే పెట్టుకుని, వాటికి కట్టుబడి, ఓడిపోయి, ఆ ఓటమిని చూసుకుని మురిసిపోతారు. ఆ తెగకు పెద్ద దిక్కు లాంటి మనిషి ఎర్రగుట్ట గనుల్లో ఫిట్టర్‌గా పనిచేసే ఓదెలు. పొద్దున ఫస్ట్ షిఫ్టుకు భూమి లోపలికి దిగి, సాయంత్రం గనుల మైదానంలో అమ్మాయిల జట్టుకు కోచింగ్ ఇస్తాడు. ఒక పాత ఆటలో వరసగా పదకొండు మ్యాచులు ఓడిపోయి కూడా ఆయన మీట ముట్టుకోలేదని ఆడేవాళ్ళంతా కథగా చెప్పుకునేవారు. మా ఆట విడుదలకు ముందే ఆడి చూడడానికి మేం ఏరికోరి ఆయన్ని పెట్టుకున్నాం. ఆయన జట్టు అమ్మాయిలకూ పట్టీలు కట్టాం.

జూన్‌లో ఆ పని మీద నేను ఎర్రగుట్ట వెళ్ళాను. మైదానమంతా బొగ్గు మసి. బంతి దొర్లిన చోటల్లా నల్లటి దుమ్ము లేస్తోంది. ఎడమ వైపు నుంచి ఒక పొడుగాటి పిల్ల ఆ దుమ్ములోంచి దూసుకొచ్చి, ముగ్గురిని దాటుకుని, గోల్ కొట్టి, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని చూడకుండా వెనక్కి నడిచింది. "నా బిడ్డనే మేడం, సహస్ర" అన్నాడు ఓదెలు. పంతొమ్మిదేళ్ళ పిల్ల. రాష్ట్ర జట్టును ఎంపిక చేసే వాళ్ళ కళ్ళు ఇప్పటికే ఆమె మీద పడ్డాయట.

వాళ్ళ క్వార్టర్‌కి తీసుకెళ్ళారు. ఓదెలు భార్య స్వరూప వేడి వేడి మక్క గారెలు పెట్టింది. తింటూ గోడ మీద చూశాను. పాత క్యాలెండర్ కాగితం వెనక వైపు పిల్లల చేతిరాతతో నియమాలు రాసి ఉన్నాయి.

"చదువుండ్రి మేడం, అది మా ఇంటి రాజ్యాంగం" అంది సహస్ర. "బాపు చెప్తుంటె నేను రాసిన. అప్పుడు నాకు పదేండ్లు."

ఓడిన మ్యాచ్ మళ్ళీ ఆడరాదు. తెర వెనక అంకెలు చూడరాదు. బయటి వాళ్ళను కొనరాదు, మన ఊరోళ్ళే ఆడాలి. రోజుకు ఒక్క మ్యాచే. సాకులు చెప్పరాదు. ఈ అయిదూ నీలి సిరాతో ఉన్నాయి. కింద ఎర్ర సిరాతో ఆరోది ఉంది: సహస్రను ఎప్పుడూ టీంలకెల్లి తీయరాదు.

"ఆరోది నేను చెప్పలే" అన్నాడు ఓదెలు నవ్వుతూ. "నేను డ్యూటీకి పోయినంక ఈమెనే ఎక్కిచ్చింది. అప్పటి పాత ఆటల సహస్ర అని ఒక ప్లేయర్‌ను తయారు చేసి పెట్టుకుంటి. అది ఉత్త బొమ్మ మేడం, సక్కగ ఉరుకరాదు. తీసేద్దామంటె గోడ మీద ఈ రాత. గోడకెక్కిందంటె ఇగ నియమమే గదా."

"ఆ బొమ్మ తోటి పదకొండు మ్యాచులు ఓడిపోయిండు. ఒక్కనాడు తీయలే" అంది సహస్ర. అది చెప్పేటప్పుడు ఆమె ముఖంలో కనబడిన గర్వం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మా ఆటలో ప్రతి నకలుకూ లోపలి పట్టిక ఒకటి ఉంటుంది. ఎముక బలం, ఊపిరి, గుండె అన్నీ అందులో కనబడతాయి. ఒక మీట నొక్కితే తెరుచుకుంటుంది. ఓదెలు లాప్‌టాప్‌లో ఆ మీట మీద నల్ల టేపు ముక్క అంటించి ఉంది. "చెయ్యి జారి ఒత్తుతనేమోనని" అన్నాడు. ఎంత పట్టుదల మనిషో అనుకుని ముచ్చటపడ్డాను. దాన్ని ఫొటో తీసి మా వాళ్ళకి పంపించాను కూడా.

ఆ సాయంత్రం మాట తీరు కోసం సహస్రని కూర్చోబెట్టి ప్రశ్నలడిగాను. మా జాబితాలో ఒక ప్రశ్న ఉంది. "కోచ్ మిమ్మల్ని జట్టులోంచి తీసేస్తే ఏం చేస్తారు?"

"తీయడు. ఆరోది ఉన్నది గదా."

"అది సరేనమ్మా, ఒకవేళ తీస్తే?"

"మాట్లాడ. గంతే. ఎంత బతిలాడినా మాట్లాడ."

*

తర్వాతి సంగతులు నాకు స్వరూప చెప్పింది. నాకు చెప్పవలసిన అవసరం ఆమెకి లేదు. అయినా చెప్పింది.

ఆగస్టులో ఒక సాయంత్రం ఓదెలు ఆ రోజు మ్యాచ్ ఆడాడు. ఆటలో అప్పటికి రెండో సీజను, సహస్ర నకలుకు ఇరవై ఏళ్ళు. ఎడమ వైపు పరిగెడుతూ అరవై ఒకటో నిమిషంలో కాలు పట్టేసినట్టు బయటికి నడిచింది. ఆయన ఇంకొకరిని దింపి ఆట ముగించాడు. ఆటలో తెల్లారింది. వార్త వచ్చింది. సహస్ర ఆట నుంచి విరమించుకుంటున్నట్టు ప్రకటించారు.

ఇంకెవరైనా అయితే వెనక్కి తిప్పి ఇంకోసారి ఆడి చూసేవాళ్ళు. ఆయన నియమం ఒప్పుకోలేదు. మొదట నవ్వుకున్నాడట. ఆ నవ్వు కాస్తా అనుమానంగా మారడానికి అన్నం పెట్టుకునేంత సేపు పట్టింది.

"నాకు చెప్పకుంట ఏమన్న అనుకుంటున్నవా బిడ్డా? పెండ్లి గిట్ల, నౌకరి గిట్ల?" అన్నాడు అన్నం కలుపుతూ.

"ఏందే బాపు? నేనెందుకు ఇడిసిపెడ్త?"

"నేను అంటలేను. ఆట అంటున్నది. మనిషిని లోపట దాకా చూసి చెప్పెటిదది. నీ మనసుల లేంది దానికెట్ల తెలుస్తది?"

సహస్ర కంచం ముందు నుంచి లేచిపోయింది. మర్నాడు గని సైరన్ మోగక ముందే లేచి మైదానం చుట్టూ పరుగు మొదలుపెట్టింది. రోజూ అయిదు చుట్లు, తర్వాత ఎనిమిది. ఆట మానేసే పిల్ల ఇలా పరిగెడుతుందా అని వాళ్ళ నాన్నకి చూపించడానికే ఆ పరుగు. మూడు వారాల్లో రెండు సార్లు కళ్ళు తిరిగి పంపు దగ్గర కూలబడింది. ఆ రెండు సార్లూ తల్లి చేత ఒట్టు వేయించుకుంది. "బాపుకు చెప్పకమ్మా. చెప్తె, సూసినవా, మానెతందుకు సాకులు ఎతుకుతున్నది అంటడు."

స్వరూప చెప్పలేదు. సాకులు చెప్పరాదన్న అయిదో నియమం ఆమెకూ వర్తిస్తుందనుకుంది కాబోలు.

ఆ మూడు వారాలూ నేనేం చేస్తున్నానంటే, ఆట విడుదల పనుల్లో మునిగి ఉన్నాను. మూడు గురువారాలు ఆ ఫైలు తెరవలేదు. దీనికి నా దగ్గర సాకులు చాలానే ఉన్నాయి.

నాలుగో గురువారం తెరిచాను. మార్చి నాటి గోల్‌కీపర్‌తో కలిపి ఆరు పేర్లున్నాయి. చివరిది సహస్ర.

నాకు నియమాల్లేవు. ఆ మ్యాచ్ తీసి మళ్ళీ నడిపించాను. అరవై నిమిషాలు దాటగానే గుండె ఆగింది. మళ్ళీ నడిపించాను. వాన పెట్టాను, ఎండ తగ్గించాను, ఎదుటి జట్టు మార్చాను. ఇరవై సార్లు నడిపిస్తే ఇరవై సార్లూ యాభై ఎనిమిదికీ అరవై నాలుగుకీ మధ్య కూలిపోయింది. లోపలి పట్టిక తెరిచాను. గుండె గోడ ఒక పక్క ఉండవలసిన దానికంటే రెండింతలు మందంగా ఉంది. గట్టిగా పరిగెత్తితే లయ తప్పుతుందని దాని పక్కనే ఒక ఎర్ర గీత చూపిస్తోంది. నేను డాక్టర్ని కాను, కానీ ఆ ఎర్ర గీత ఏమిటో అర్థం కావడానికి డాక్టరే అక్కర్లేదు.

ఫణీంద్ర దగ్గరికి పరిగెత్తాను. అతను చెడ్డవాడేం కాదు. ముఖం పాలిపోయింది. అయినా తలుపు దగ్గరగా వేసి, "సంతకాలు పెట్టించుకున్న కాగితంలో ఏముంది? ఇది వైద్య పరీక్ష కాదు, ఆరోగ్యం గురించి ఏమీ చెప్పం అని ఉంది. మనం చెప్పి, అది తప్పని తేలితే? రేపు రాష్ట్ర జట్టులోకి వెళ్ళాల్సిన పిల్ల. గుండె జబ్బు అన్న మాట ఒకసారి బయటికొస్తే ఆ అమ్మాయిని ఇంకెవరైనా ఆడనిస్తారా? సోమవారం లాయర్లు వస్తున్నారు. వాళ్ళతో మాట్లాడి పద్ధతి ప్రకారం చెబుదాం" అన్నాడు.

"ఆదివారం వాళ్ళకి మ్యాచ్ ఉంది."

"ఇన్నేళ్ళుగా ఆడుతూనే ఉంది కదా వసుంధరా."

శనివారం పొద్దున ఉండబట్టలేక ఓదెలుకు ఫోన్ చేశాను. గుండె అన్న మాట రాకుండా చెబుదామని ముందే కాగితం మీద రాసుకున్నాను. నా తెలివికి నన్ను చెప్పుతో కొట్టాలి.

"ఓదెలు గారూ, సహస్ర విషయం కొంచెం మాట్లాడాలండి. రేపు మ్యాచ్‌లో తనకి విశ్రాంతి ఇస్తే మంచిది."

"ఎందుకు మేడం?"

"మా దగ్గర కొన్ని అంకెలు..."

"ఆగుండ్రి ఆగుండ్రి" అన్నాడు వెంటనే. గొంతులో నవ్వు వినబడింది. "తెర వెనకటి అంకెలు గదా? నేను వినను మేడం. తొమ్మిదేండ్ల సంది వినలే. గెలుస్తమా ఓడుతమా మైదానంలనే చూస్త."

"అది కాదండీ, ఇది ఆట గురించి కాదు..."

"ఆటల కెల్లి వచ్చిన మాటనే గదా?"

"అవును. కానీ..."

"అయితె వద్దు. ఏమనుకోకుండ్రి. గా ఒక్క నియమం తప్పితె ఇగ నాకు మిగిలేదేమున్నది? పైంగ అది మూడు వారాల సంది పానం పెట్టి ఉరుకుతున్నది. రేపు తీస్తె నా మొకం సూడదు."

అప్పుడు చెప్పొచ్చు. గుండె అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన ఫోన్ పెట్టేలోగా నాకు కనీసం రెండు ఊపిర్ల సమయం ఉంది. నేను "సరేనండి, ఆల్ ది బెస్ట్" అన్నాను. పెట్టేశాక నా ఒళ్ళు తేలికపడింది. చెప్పడానికి ప్రయత్నించాను, ఆయనే వినలేదు అని ఆ రోజంతా నాకు నేనే చెప్పుకున్నాను. నన్ను నేను క్షమించుకోలేనిది ఆ తేలికపడడాన్నే.

*

ఆదివారం మ్యాచ్‌ని ఊళ్ళో ఎవరో కుర్రాళ్ళు ఫోన్‌లో చూపిస్తున్నారు. మా ఇంట్లో అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని చూశాను. మొదటి సగంలో సహస్ర ఒక గోల్ కొట్టింది. యాభై నిమిషాలు దాటాయి. అరవై దాటాయి. నేను తెర మూల ఉన్న గడియారాన్నే చూస్తున్నాను. అరవై అయిదు దాటితే చాలు, మా యంత్రం తప్పని తేలిపోతుంది, రేపు ఫణీంద్రతో కలిసి నవ్వుకోవచ్చు అనుకుంటున్నాను.

అరవై మూడో నిమిషంలో ఎడమ వైపు బంతి అందుకుని నాలుగు అడుగులు పరిగెత్తి ఆగిపోయింది. బూటు లేసు కట్టుకోవడానికన్నట్టు వంగింది. కూర్చుంది. తర్వాత పక్కకి ఒరిగింది. బంతి తనంతట తానే గీత దాటిపోయింది. ఓదెలు బెంచీ దగ్గర నుంచి లేచాడు. మొదట కోపంగా నడిచాడు. సగం దూరం వెళ్ళాక పరిగెత్తడం మొదలుపెట్టాడు. అప్పటికే మిగతా ఇరవై ఒక్క మందీ ఆమె చుట్టూ మూగారు.

"ఏమైందే ఆ పిల్లకి?" అంది అమ్మ. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం లేదని సాయంత్రం తెలిసింది.

సోమవారం లాయర్లు రాక ముందే ఫైల్లో ఉన్న మిగతా అయిదుగురికీ నేను ఫోన్ చేశాను. ఈసారి గుండె అన్న మాటే ముందు అన్నాను. ఒక తండ్రి నన్ను నానా మాటలూ అన్నాడు. అయినా ఆ వారమే కొడుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, అతనికి ఏదో పరికరం అమర్చారట. ఇంకో అమ్మాయికి జబ్బు ఉందని తేలింది. ఇద్దరు ఇంకా పరీక్షలకు వెళ్ళలేదు. మార్చిలో మా తెర మీద పడిపోయిన గోల్‌కీపర్ ఇంట్లో అతని అక్క ఫోన్ ఎత్తింది. మెట్లెక్కుతూ పడిపోయి పోయాడని, పోయి రెండు నెలలైందని చెప్పింది. మీరెవరని అడిగింది. కంపెనీ పేరు చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను.

ఆ మధ్యాహ్నమే ఫణీంద్ర నన్ను పిలిచి, నెలాఖరుకి వెళ్ళిపొమ్మన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతను నా ముఖం చూడలేదు.

*

పెద్దకర్మ అయిన మూడో రోజు ఓదెలు వచ్చాడు. ఆఫీసుకి సెలవు. కాపలా మనిషితో చెప్పి నేనే లోపలికి తీసుకెళ్ళాను. నున్నగా గీసిన గుండు, చేతిలో లాప్‌టాప్ సంచి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"గా మాట ఎవరు రాసిండ్రు మేడం? విరమించుకున్నది అని?"

"నేనే రాశానండి. గుండె ఆగితే అలా చూపించమన్నారు. నేను రాశాను."

అరుస్తాడేమో, కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది.

"మంచిగ రాసిండ్రు" అన్నాడు చివరికి. "నేను నమ్మిన. నా బిడ్డను నమ్మలే గని దాన్ని నమ్మిన."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఊరడించలేదు, ఆపమనీ అనలేదు. నా ఏడుపు అయిందాకా నిలబడి, అడిగాడు. "ఫోన్ల గుండె అని అనకపోతిరి."

"అనలేదు."

"నేను అననియ్యలే" అన్నాడు. ఆ మాట నాకు ఊరట కోసం అన్నది కాదు. తన వాటా తాను తీసుకుంటున్నాడు. నా వాటా నాకు ఉండనే ఉంది.

అప్పుడు కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు. గోటితో గీకి నల్ల టేపు పీకేశాడు. గట్టిగా అంటుకుపోయి ముక్కలు ముక్కలుగా వచ్చింది. మీట నొక్కి సహస్ర లోపలి పట్టిక చూశాడు. ఎర్ర గీత మీద వేలు పెట్టి, "మొదటి దినం నుంచే ఉన్నదా ఇది?" అన్నాడు. ఉందన్నాను.

"ఆ మ్యాచ్ వెనుకకు తిప్పుండ్రి."

తిప్పాను. ఆ ఒక్క మ్యాచ్‌కి మాత్రం విరమణ వాక్యం తీసేసి, ఉన్నది ఉన్నట్టు చూపించమని యంత్రానికి చెప్పాను. అరవై ఒకటో నిమిషంలో సహస్ర వంగింది, కూర్చుంది, ఒరిగింది. ఆయన రెప్ప వేయకుండా చూశాడు. "మల్ల" అన్నాడు. రెండోసారి ఆమెను వెనక ఆడించాడు, పరుగు తగ్గించమన్నాడు. అరవై మూడు. మూడోసారి పక్క మార్చాడు. నాలుగోసారి తోడుగా ఇంకొకరిని పెట్టాడు. తొమ్మిదేళ్ళుగా మ్యాచ్‌ని ఒక్కసారి కూడా వెనక్కి తిప్పని మనిషి ఆ మధ్యాహ్నం ఏడు సార్లు తిప్పాడు. ఏడు సార్లూ కూతురు చచ్చిపోవడం చూశాడు.

"రెండోసారి ఆడితె తెలిసిపోవు గదా మేడం" అన్నాడు. "ఒక్కసారి గాక రెండోసారి ఆడితె." నేను తల ఊపాను. అది అబద్ధమని చెప్పగలిగితే నా ప్రాణం ఇచ్చేదాన్ని.

సంచిలోంచి క్యాలెండర్ కాగితం తీసి బల్ల మీద పరిచాడు. మడతల దగ్గర చిరిగింది. నీలి సిరా నియమాల వైపు చూడనే లేదు. ఎర్ర సిరా రాత మీద కాసేపు అరచెయ్యి ఆనించి ఉంచి, ఎనిమిదోసారి మ్యాచ్ వెనక్కి తిప్పి, జట్టు జాబితా తెరిచాడు. సహస్ర పేరు దగ్గర చాలాసేపు ఆగాడు. తర్వాత ఆ పేరు తీసి బెంచీలో పెట్టాడు.

మ్యాచ్ మొదలైంది. జట్టు చెత్తగా ఆడింది. ఎడమ వైపు ఎవరూ పరిగెత్తడం లేదు. యాభై ఎనిమిది, అరవై ఒకటి, అరవై నాలుగు. ఆయన మైదానం వైపు చూడడం లేదు. తెర కింది మూల, బెంచీ మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న చిన్న బొమ్మ వైపే చూస్తున్నాడు. తొంభై నిమిషాలు అయిపోయాయి. రెండు గోల్స్ తేడాతో ఓడిపోయాం. బొమ్మ లేచి, బట్టలు దులుపుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఆటలో తెల్లారింది. కోచ్‌కి ఒక ఉత్తరం వచ్చింది.

"బాపూ, నియమం తప్పినవ్. నన్నెందుకు తీసినవో నాకు చెప్పకు. ఇగ నీతోటి మాట్లాడ. ఎంత బతిలాడినా మాట్లాడ. - సహస్ర"

దాని కింద మామూలుగా వచ్చే మూడు జవాబులు వచ్చాయి. నీ ఆట బాగాలేదు. నీకు విశ్రాంతి అవసరం. వచ్చే మ్యాచ్‌లో ఆడిస్తాను. అవి కూడా ఎప్పుడో నేను రాసినవే.

ఓదెలు చెయ్యి మీటల మీద ఆగిపోయింది. "వీటిల ఏదో ఒకటి ఒత్తాల్నా?"

"నొక్కకపోతే ఆట మర్నాటికి వెళ్ళదండి."

"పోకపోతె?"

"అక్కడే ఆగి ఉంటుంది."

"సహస్ర?"

"కోపంగానే ఉంటుంది."

ఆయన మీటల మీద నుంచి చెయ్యి తీసేశాడు. కాగితం పాత మడతల మీదే మడిచి జేబులో పెట్టుకున్నాడు. లాప్‌టాప్ మూయకుండా, తెర ఆరిపోకుండా, రెండు చేతులతో ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ఉండనీయిండ్రి మేడం" అన్నాడు. "కోపంగనే ఉండనీయిండ్రి."